బడి గంట ఒకవైపు, రైలు టికెట్ ఒకవైపు: బ్రిటన్‌లో పార్ట్‌టైమ్ ఉద్యోగాలు చేసే తల్లిదండ్రుల ప్రశ్నలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఇంగ్లండ్ నుంచే. పిల్లల్ని బడిలో దింపి, వారంలో రెండు మూడు రోజులు లండన్‌కి రైలెక్కే అమ్మానాన్నలు రాసినవి. అందరి బాధా దాదాపు ఒకటే: జీతమేమో సగం వారానికి వస్తోంది, టికెట్లేమో వారమంతా వెళ్లేవాళ్ల కోసం తయారైనట్టున్నాయి. ఇంగ్లండ్‌లో ప్రభుత్వ నియంత్రణలో ఉన్న రైలు ఛార్జీలు 2025 మార్చిలో 4.6 శాతం పెరిగాయి. ఆ తర్వాత 2027 మార్చి దాకా పెంచబోమని ప్రకటించారు. సీజన్ టికెట్లు ఆ కోవలోవే. కాబట్టి ఒక్కసారి కాగితం, పెన్ను పట్టుకుని లెక్క చూసుకుంటే చాన్నాళ్లు పనికొస్తుంది. జవాబుల్లో మేం వాడిన ఛార్జీలు లెక్క చూపించడానికి అనుకున్నవి మాత్రమే. వాటి స్థానంలో మీ స్టేషన్ ఛార్జీలు వేసుకోండి.

ప్రశ్న: మాది రెడింగ్. మంగళ, గురువారాలు లండన్ ఆఫీసుకి వెళ్తాను. మిగతా రోజులు బాబుతో ఇంట్లోనే. ఫ్లెక్సీ సీజన్ టికెట్ నాలాంటి వాళ్ల కోసమే పెట్టారని అంటే కొన్నాను. పోయినసారి రెండు డే పాస్‌లు వాడకుండానే గడువు అయిపోయింది. ఇది నిజంగా నాకు లాభమేనా? (ఒక పాఠకురాలు, రెడింగ్)

జవాబు: మీ అనుమానం సరైనదే. ఫ్లెక్సీ సీజన్ 2021 జూన్‌లో వచ్చింది. రెండు స్టేషన్ల మధ్య 8 డే పాస్‌లు, 28 రోజుల గడువు. పాస్ వాడిన రోజు పీక్ టైమైనా (రద్దీ వేళైనా) సరే ఎన్నిసార్లైనా తిరగొచ్చు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ మీ రోజులు వేసి చూడండి: ఏ 28 రోజులు తీసుకున్నా అందులో నాలుగు మంగళవారాలు, నాలుగు గురువారాలే ఉంటాయి. సరిగ్గా 8. అంటే వారానికి రెండు రోజులు వెళ్లేవాళ్లకి ఈ టికెట్‌లో ఒక్క రోజు కూడా వెసులుబాటు లేదు. బాబుకి జ్వరం వచ్చి ఒక గురువారం ఆగిపోతే ఒక పాస్ పోయినట్టే. గడువు దాటిన పాస్‌లు తర్వాతి నెలకి కలవవు.

కొనేముందు ఒక్క భాగాహారం చెయ్యండి. ఫ్లెక్సీ ధరని, మీరు వెళ్లే టైముకి చెల్లే రోజువారీ రిటర్న్ టికెట్ ధరతో భాగించండి. పీక్ రిటర్న్ 38 పౌండ్లు, ఫ్లెక్సీ 232 పౌండ్లు అనుకుందాం. 232ని 38తో భాగిస్తే 6.1 వస్తుంది. ఆరు రోజులే వెళ్తే విడి టికెట్లకి 228 అవుతుంది, ఫ్లెక్సీ కంటే 4 పౌండ్లు తక్కువ. ఏడో రోజు వెళ్తేనే ఫ్లెక్సీ గెలుస్తుంది. పోయినసారి మీకు రెండు పాస్‌లు మిగిలాయంటే, ఇలాంటి ధరల్లో విడి టికెట్లే కొనుక్కోవాల్సింది.

గడువు మొదలయ్యేది మీరు మొదటిసారి రైలెక్కిన రోజు నుంచి కాదు, కొనేటప్పుడు ఎంచుకున్న తేదీ నుంచి. ఆదివారం రాత్రి తీరిగ్గా కూర్చుని మర్నాటి తేదీ పెట్టేస్తారు చాలామంది. మీరు మొదటి ప్రయాణం చేసే మంగళవారం తేదీనే పెట్టండి. ఆ 28 రోజుల్లో హాఫ్‌టర్మ్ (బడి టర్మ్ మధ్యలో వచ్చే) సెలవులు పడుతున్నాయా, బ్యాంక్ హాలిడే ఉందా అన్నది బడి క్యాలెండర్ పక్కన పెట్టుకుని చూడండి. ఒక వారం సెలవు పడిందంటే 6 రోజులే వాడతారు. సెప్టెంబర్‌లో బడి తెరిచాక హాఫ్‌టర్మ్‌కి సుమారు ఏడు వారాలు. అందులో మొదటి నాలుగు వారాలకి ఒక ఫ్లెక్సీ కొని, మిగిలిన ఆరు రోజులకి విడి టికెట్లు కొనడం రెండో ఫ్లెక్సీ కొనడం కంటే మేలు.

అదే వారానికి మూడు రోజులు వెళ్లేవాళ్లకి ఈ టికెట్ బాగా కుదురుతుంది. ఎనిమిది పాస్‌లూ మూడు వారాల్లోపే అయిపోతాయి, ఒకటి రెండు రోజులు మానేసినా ఇంకా గడువు ఉంటుంది. అవి అయిపోగానే ఇంకోటి కొనుక్కోవచ్చు. దీన్ని వారానికి రెండు రోజుల టికెట్‌గా చెప్పుకుంటున్నారు గానీ, పిల్లలున్న ఇళ్లకి ఇది మూడు రోజుల టికెట్ అన్నది మా అభిప్రాయం.

ఇంకో మాట. ఫోన్‌లో బార్‌కోడ్‌గా వచ్చే ఫ్లెక్సీ అయితే, ఆ రోజు పాస్‌ని రైలెక్కే ముందు యాక్టివేట్ చెయ్యాలి. చేతిలో ఎనిమిది పాస్‌లున్నా, యాక్టివేట్ చెయ్యకుండా ఎక్కితే టికెట్ లేనట్టే చూస్తారు. స్మార్ట్‌కార్డ్ అయితే కొన్న టికెట్ దానంతట అది కార్డులోకి రాదు. మీరు చెప్పిన స్టేషన్‌లో గేటుకి కార్డు తాకించినప్పుడు ఎక్కుతుంది. అందుకే ప్రయాణం రోజు పొద్దున ప్లాట్‌ఫారం మీద నిలబడి కొనకండి, ముందురోజే కొనండి. అన్నట్టు, ఒకే ఫ్లెక్సీని భార్యాభర్తలు రోజు మార్చి రోజు వాడుకోవడం కుదరదు. ఎవరి పేరు మీద కొంటే వాళ్లకే.

ప్రశ్న: ఇద్దరు పిల్లలు. బడి గేటు 8:45కి తెరుస్తారు. నేను తొమ్మిదిన్నరకల్లా లండన్ ఆఫీసులో ఉండాలి కాబట్టి పిల్లల్ని బ్రేక్‌ఫస్ట్ క్లబ్‌లో (బడి తెరవకముందు పిల్లల్ని చూసుకునే చోట) వదిలి ఏడున్నర రైలుకి వెళ్తున్నాను. వారానికి రెండు రోజులు. పీక్ టికెట్, క్లబ్ ఫీజు పోగా మిగిలేది చూస్తే ఉద్యోగం మానేద్దామా అనిపిస్తోంది. (ఒక తల్లి, మిల్టన్ కీన్స్)

జవాబు: మానెయ్యకండి. ముందు గంటలు మార్చుకోవడం కుదురుతుందేమో చూడండి. మీ ఖర్చుని తేల్చేది ఎన్ని రోజులు వెళ్తున్నారన్నది కాదు, ప్లాట్‌ఫారం మీదికి ఎన్నింటికి చేరుతున్నారన్నది. ఈ సంగతి చాలామంది గమనించరు.

లండన్ చుట్టుపక్కల మార్గాల్లో ఆఫ్-పీక్ టికెట్లు (రద్దీ లేని వేళల్లో చెల్లే చౌక టికెట్లు) సాధారణంగా ఉదయం తొమ్మిది, తొమ్మిదిన్నర ప్రాంతంలో మొదలవుతాయి. కచ్చితంగా ఏ రైలు నుంచి చెల్లుతుందో మార్గాన్ని బట్టి మారుతుంది. నేషనల్ రైల్ వెబ్‌సైట్‌లో మీ టికెట్ వివరాల్లోకి వెళ్తే నిబంధన రాసి ఉంటుంది, అదే చదవండి. పక్కింటివాళ్ల మాట మీద వెళ్లొద్దు. 8:45కి పిల్లల్ని గేటులో వదిలి స్టేషన్‌కి చేరేసరికి మీరు ఎలాగూ ఆఫ్-పీక్ అంచున ఉంటారు.

దానికి తోడు నెట్‌వర్క్ రైల్‌కార్డ్ అని ఒకటుంది. ఏడాదికి 35 పౌండ్లు. లండన్, ఆగ్నేయ ఇంగ్లండ్ ప్రాంతమంతా చెల్లుతుంది. మీ మిల్టన్ కీన్స్, రెడింగ్, ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ అన్నీ అందులోకే వస్తాయి. మూడో వంతు తగ్గింపు. 16 ఏళ్లు నిండినవాళ్లు ఎవరైనా కొనవచ్చు, వెంట పిల్లలుండాలన్న షరతూ లేదు. రెండే మెలికలు: పని రోజుల్లో ఉదయం 10 తర్వాతే చెల్లుతుంది, ఆ రోజుల్లో తగ్గింపు పోయాక కూడా టికెట్ కనీసం 13 పౌండ్లు ఉండాలి. అంటే తొమ్మిదిన్నరకీ పదికీ మధ్య రైలెక్కితే ఆఫ్-పీక్ ధర వస్తుంది గానీ రైల్‌కార్డ్ తగ్గింపు రాదు. ఆ అరగంట దగ్గరే చాలామంది పొరబడి ఫైన్ కట్టించుకుంటారు. 10:02 రైలుంటే దానికే వెళ్లండి.

ఇప్పుడు లెక్క. పీక్ రిటర్న్ 38, ఫ్లెక్సీ మీద రోజుకి 29, ఆఫ్-పీక్ రిటర్న్ 24, రైల్‌కార్డ్‌తో 16 అనుకుందాం. బ్రేక్‌ఫస్ట్ క్లబ్ పిల్లకి 6 చొప్పున ఇద్దరికి 12. పొద్దున్నే ఫ్లెక్సీతో వెళ్తే రోజుకి 29కి 12 కలిపి 41. పది దాటాక వెళ్తే 16. తేడా రోజుకి 25 పౌండ్లు. నాలుగు వారాల్లో ఎనిమిది రోజులకి 200. రైల్‌కార్డ్ కొన్న 35 పౌండ్లు రెండు వారాల్లోపే తిరిగొచ్చేస్తాయి.

అయితే ఇందులో ఒక గోతి ఉంది. ఆలస్యంగా వెళ్లడం కోసం పని గంటలు తగ్గించుకుంటే ఆ మిగులు ఆవిరైపోతుంది. పన్నులు పోగా మీ చేతికి గంటకి 15 పౌండ్లు వస్తాయనుకోండి. రోజుకి గంటా ముప్పావు తగ్గితే 26 పౌండ్లు పోతాయి. మిగిలేది 25. ఇటు పోయి అటు వచ్చి ఏమీ మిగల్లేదు. కాబట్టి గంటలు తగ్గించమని కాదు, జరపమని అడగండి. రైల్లో లాప్‌టాప్ తెరిచిన గంట పని కింద లెక్కలోకి వస్తుందా, పోయిన గంటా ముప్పావు పని ఇంటి దగ్గర ఉండే రోజుల్లో చేస్తే ఒప్పుకుంటారా అని అడగండి. ఎలా అడగాలో కింద ఇంకో ప్రశ్నకి రాశాం.

తిరుగు ప్రయాణం సంగతీ చూసుకోండి. కొన్ని ఆఫ్-పీక్ టికెట్లు సాయంత్రం సుమారు నాలుగున్నర నుంచి ఏడు దాకా లండన్ నుంచి బయటికి వెళ్లే రైళ్లలో చెల్లవు. పొద్దున ఆదా చేసినదంతా సాయంత్రం అదనపు టికెట్‌కి ధార పొయ్యకూడదు కదా. బడి వదిలే మూడుంబావుకి మీరే తీసుకురావాల్సిన రోజైతే రెండు గంటలకే బయల్దేరతారు కాబట్టి బాధ లేదు. ఆఫ్టర్‌స్కూల్ క్లబ్ ఉన్న రోజే చిక్కు.

మీ వయసు రాయలేదు. ఒకవేళ 26 నుంచి 30 మధ్య ఉంటే లెక్క మొత్తం మారిపోతుంది. 26-30 రైల్‌కార్డ్ కూడా 35 పౌండ్లే. దాని తగ్గింపు పీక్ టికెట్లకి కూడా వస్తుంది. పని రోజుల్లో ఉదయం 4:30 నుంచి 10 దాకా కనీస ఛార్జీ 12 పౌండ్లు అన్నదొక్కటే షరతు. పై ఉదాహరణలో 38 పౌండ్ల పీక్ రిటర్న్ 25 పౌండ్ల చిల్లరకి వచ్చేస్తుంది. ఫ్లెక్సీకి రోజుకి 29. ఫ్లెక్సీ మీద ఈ రైల్‌కార్డ్‌లు పనిచెయ్యవు. కాబట్టి ముప్పై ఒకటి నిండని అమ్మానాన్నలు ఫ్లెక్సీ జోలికి వెళ్లేముందు ఈ లెక్క తప్పకుండా చూడాలి. 31వ పుట్టినరోజుకి ముందురోజు కొన్నా ఏడాది పొడుగునా చెల్లుతుంది.

బ్రేక్‌ఫస్ట్ క్లబ్ గురించి ఒక మాట: ఇంగ్లండ్‌లో 2025 ఏప్రిల్ నుంచి 750 ప్రైమరీ బడుల్లో బడికి ముందు అరగంట ఉచిత క్లబ్ మొదలుపెట్టారు. పథకాన్ని మిగతా బడులకీ విస్తరిస్తున్నారు. మీ బడి ఆఫీసులో అడగండి. ఉచితమైతే పై లెక్కలో ఆ 12 పౌండ్లు కొట్టెయ్యండి. అయితే అరగంట ముందు దింపినంత మాత్రాన ఏడున్నర రైలు అందదు, ఎనిమిదిన్నర రైలు అందుతుంది.

ప్రశ్న: హౌన్స్‌లో నుంచి ట్యూబ్‌లో (లండన్ మెట్రోలో) వెళ్తాను. ఎక్కేటప్పుడు ఫోన్‌తో గేటు దగ్గర టచ్ చేశాను, దిగేటప్పుడు చేతిలో పాప ఉండి వాచ్‌తో టచ్ చేశాను. ఒక్క ప్రయాణానికే రెండుసార్లు, అదీ మామూలు కంటే చాలా ఎక్కువ పట్టారు. రెండింట్లో ఉన్నది ఒకటే బ్యాంకు కార్డు కదా?

జవాబు: బ్యాంకు కార్డు ఒకటే, కానీ గేటుకి కనిపించేది ఆ కార్డు నంబర్ కాదు. ఫోన్‌లోకి కార్డు ఎక్కించినప్పుడు దానికో వేరే నంబర్ ఇస్తారు, వాచ్‌లోకి ఎక్కించినప్పుడు ఇంకోటి. ఫోన్ వాలెట్‌లో కార్డు వివరాలు తెరిచి చివరి నాలుగు అంకెలు చూడండి, తర్వాత వాచ్‌లో చూడండి. ప్లాస్టిక్ కార్డు మీద ఉన్నవి ఒకటి, ఫోన్‌లో ఒకటి, వాచ్‌లో ఇంకోటి, మూడూ వేర్వేరు. గేటు దృష్టిలో వాళ్లు ముగ్గురు మనుషులు. ఒక ప్రయాణంలో ఎక్కేటప్పుడు ఒకటి, దిగేటప్పుడు ఇంకోటి వాడితే రెండూ అసంపూర్తి ప్రయాణాలై, రెండింటికీ గరిష్ఠ ఛార్జీ పడుతుంది. రోజువారీ పరిమితి (ఒక రోజులో అంతకు మించి పట్టని మొత్తం) కూడా దేనికది విడిగా లెక్కేస్తారు. మీకు జరిగింది ఇదే. ట్రాన్స్‌పోర్ట్ ఫర్ లండన్ ఖాతా తెరిచి అసంపూర్తి ప్రయాణాల కింద సరిచేయమని అడగండి, మామూలుగా తిరిగిస్తారు. ఇకమీదట దేనితో ఎక్కితే దానితోనే దిగండి, రోజంతా అదే వాడండి.

వారానికి రెండు రోజులే వెళ్లేవాళ్లకి ట్రావెల్‌కార్డ్ (ముందే కొనే పాస్) అక్కర్లేదు. సోమవారం నుంచి ఆదివారం దాకా ఉండే వారపు పరిమితిని మీరు ఎలాగూ చేరరు, ఎన్నిసార్లు వెళ్తే అంతే కట్టుకుంటారు. అక్కడ పీక్ అంటే పని రోజుల్లో ఉదయం 6:30 నుంచి 9:30, సాయంత్రం 4 నుంచి 7. 9:28కి గేటు దగ్గరికి చేరారా, రెండు నిమిషాలు పక్కన నిలబడండి. గేటు చూసేది మీరు టచ్ చేసిన నిమిషాన్నే. సాయంత్రం షిఫ్ట్‌కి వెళ్లే నర్సులకి ఒక మంచి కబురు: బయటి జోన్‌ల నుంచి జోన్ 1 (లండన్ నడిబొడ్డు) లోపలికి సాయంత్రం వెళ్తే ఆఫ్-పీక్ కిందే వస్తుంది.

మామూలు కాంటాక్ట్‌లెస్ చెల్లింపు మీద రైల్‌కార్డ్ తగ్గింపు రాదు. 26-30 లాంటివి ఆయిస్టర్ కార్డులోకి (లండన్ రవాణాలో డబ్బు నింపుకుని వాడే కార్డు) ఎక్కించవచ్చు, స్టేషన్ సిబ్బందిని అడిగితే చేసి పెడతారు. నెట్‌వర్క్ రైల్‌కార్డ్‌ని మాత్రం ఆయిస్టర్‌లోకి ఎక్కించరు, దానికి విడిగా టికెట్ కొనాల్సిందే. ఎలిజబెత్ లైన్‌లో రెడింగ్ వైపు ఆయిస్టర్ వెస్ట్ డ్రేటన్ దాకానే. స్లౌ, రెడింగ్ వెళ్లేవాళ్లు ఆయిస్టర్‌తో ఎక్కితే దిగేచోట ఇరుక్కుంటారు.

ప్రశ్న: బడిలో టీచింగ్ అసిస్టెంట్‌ని. బడి ఉన్న వారాలే పని, రోజూ రైలు. వార్షిక సీజన్ టికెట్ కొంటే 12 వారాలు ఉచితం అని స్టేషన్‌లో బోర్డు పెట్టారు. కొనమంటారా? (ఒక పాఠకురాలు, స్లౌ)

జవాబు: బోర్డు అబద్ధం కాదు. వార్షిక టికెట్ ధర వారం టికెట్‌కి 40 రెట్లు. 52 వారాలకి 40 వారాల డబ్బు. కానీ ఇంగ్లండ్‌లో పిల్లలకి బడి 190 రోజులు, అంటే 38 వారాలు. సిబ్బందికి శిక్షణ రోజులు కలిపితే 39. మీరు వారం వారం టికెట్ కొనుక్కున్నా 39 వారాల డబ్బే అవుతుంది, వార్షిక టికెట్ కంటే ఒక వారం తక్కువ. వేసవి సెలవుల్లో అదే మార్గంలో తిరిగే పని లేకపోతే వార్షిక టికెట్ మీకు నష్టం.

మధ్యే మార్గం ఇంకోటుంది, టికెట్ కౌంటర్‌లో మనం అడగందే చెప్పరు. సీజన్ టికెట్‌ని నెలకి పైన ఎన్ని రోజులకైనా, మీ తేదీలతో కొనవచ్చు. నెల టికెట్ వారం టికెట్‌కి 3.84 రెట్లు, నెల దాటాక రోజులు అదే లెక్కన కలుస్తాయి. బడి తెరిచిన రోజు నుంచి హాఫ్‌టర్మ్ ముందు శుక్రవారం దాకా ఏడు వారాలకి ఒకే టికెట్ తీసుకుంటే సుమారు ఆరుంబావు వారాల డబ్బు అవుతుంది. ఏడాదిలో అలాంటి అర టర్మ్‌లు ఆరు. మరీ చిన్నవి, నాలుగు వారాల లోపువి తగిలితే వాటికి మాత్రం వారం టికెట్లే కొనండి.

వార్షిక టికెట్ ఇప్పటికే కొని, మధ్యలో ప్రసూతి సెలవు లాంటిది వస్తే తిరిగివ్వడం ఆలస్యం చెయ్యకండి. వాడిన కాలానికి మామూలు నెలల ధర లెక్కగట్టి, చిన్న రుసుము పట్టుకుని మిగతాది ఇస్తారు. 40ని 3.84తో భాగిస్తే 10.4. అంటే పది నెలల పన్నెండు రోజులు దాటాక ఆ టికెట్ విలువ సున్నా. వాపసు తిరిగిచ్చిన రోజు నుంచే లెక్కిస్తారు, ప్రయాణం మానేసిన రోజు నుంచి కాదు.

ప్రశ్న: మా కంపెనీ సీజన్ టికెట్‌కి వడ్డీ లేని అప్పు ఇస్తుంది. నాది పార్ట్‌టైమ్ కాబట్టి రాదన్నారు. అలాగే ఉదయం ఆలస్యంగా వస్తానని అడిగితే ఏడాది నిండాలన్నారు. ఇది సబబేనా?

జవాబు: రెండో మాట తప్పు. మొదటిది కూడా చాలావరకు తప్పే. 2000లో వచ్చిన పార్ట్‌టైమ్ కార్మికుల నిబంధనల ప్రకారం, అదే రకం పని చేసే ఫుల్‌టైమ్ వాళ్లకి ఇచ్చే సౌకర్యాన్ని కేవలం పార్ట్‌టైమ్ అన్న కారణంతో ఆపకూడదు, ఆపితే దానికి తగిన కారణం చూపించాలి. హెచ్‌ఆర్‌కి ఆ నిబంధనల పేరు రాసి, కారణం రాతపూర్వకంగా ఇవ్వమని అడగండి. అన్ని అప్పులూ కలిపి 10,000 పౌండ్లు దాటనంత వరకు ఇలాంటి వడ్డీ లేని అప్పు మీద మీకు పన్ను పడదు. అప్పు వార్షిక టికెట్‌కే ఇస్తారా, ఫ్లెక్సీకి కూడానా అన్నది ముందే తేల్చుకోండి. అప్పు దొరికింది కదా అని అక్కర్లేని వార్షిక టికెట్ కొని, ఉద్యోగం మారినప్పుడు ఆఖరి జీతంలోంచి కోయించుకునేవాళ్లు ఉన్నారు.

పని గంటలు మార్చమని అడిగే హక్కు 2024 ఏప్రిల్ 6 నుంచి ఇంగ్లండ్, స్కాట్లాండ్, వేల్స్‌లలో ఉద్యోగంలో చేరిన మొదటి రోజు నుంచే ఉంది. ఏడాదిలో రెండుసార్లు అడగవచ్చు. వాళ్లు రెండు నెలల్లో తేల్చాలి, కాదనేముందు మీతో మాట్లాడాలి. ఉత్తరంలో తేదీ, ఏ మార్పు కావాలి, ఎప్పటి నుంచి, ఇంతకుముందు అడిగి ఉంటే ఎప్పుడు, ఇది చట్టబద్ధమైన విజ్ఞప్తి అన్న మాట, ఇవన్నీ ఉండాలి. టికెట్ ఖరీదు గురించి ఒక్క వాక్యం చాలు. ఎక్కువ రాయాల్సింది పని ఆగకుండా ఎలా చూసుకుంటారన్న దాని గురించి.

మనవాళ్లకి ముఖ్యంగా చెప్పాల్సింది ఇంకోటుంది. మీరు స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉంటే గంటలు తగ్గించుకునే ముందు ఆగండి. 2025 జులై 22 నుంచి సాధారణ కనీస జీతం ఏడాదికి 41,700 పౌండ్లు. కొన్ని వర్గాలకి వేరే మొత్తాలున్నాయి. గంటలు తగ్గాయని ఆ కనీస మొత్తం తగ్గదు. రైలు ఖర్చు ఆదా చెయ్యబోయి వీసాకే ఎసరు తెచ్చుకోకూడదు. డిపెండెంట్ వీసా మీద ఉన్నవాళ్లకి ఈ బెడద లేదు. ఇంట్లో ఎవరో ఒకరు గంటలు తగ్గించుకోవాలంటే అది ఎవరన్నది అక్కడే తేలిపోతుంది. గంటలు తగ్గకుండా వేళలు మాత్రమే జరిపితే జీతం మారదు.

రోజూ వెళ్లే ఆఫీసుకి ప్రయాణ ఖర్చు మీద పన్ను మినహాయింపు రాదు. ఇప్పిస్తామని డబ్బు అడిగే ఏజెంట్లని నమ్మకండి.

ప్రశ్న: నర్సరీ మా ఆఫీసు పక్కనే. మూడేళ్ల బాబుని రైల్లో వెంట తీసుకెళ్తాను. వాడికి టికెట్ కొనాలా?

జవాబు: వద్దు. ఐదేళ్ల లోపు పిల్లలు, టికెట్ ఉన్న ఒక పెద్దవారితో ఇద్దరి దాకా ఉచితం. 5 నుంచి 15 ఏళ్ల వాళ్లకి సగం. లండన్ నగర రైళ్లయిన ట్యూబ్, డీఎల్‌ఆర్, ఎలిజబెత్ లైన్, ఓవర్‌గ్రౌండ్‌లలో పెద్దవారి వెంట పదకొండేళ్ల లోపు నలుగురి దాకా ఉచితం. స్ట్రాలర్‌తో ఉంటే వెడల్పాటి గేటు వాడండి. మామూలు గేటులో దూరితే తలుపులు స్ట్రాలర్ మీద పడతాయి.

ప్రశ్న: మా అమ్మాయి లండన్ దగ్గర ఉంటుంది. వారానికి రెండు రోజులు రైలెక్కినందుకు అంత కడుతున్నానంటే నమ్మలేకపోయాను. నేను తెనాలి నుంచి విజయవాడకి ముప్పై ఏళ్లు నెల సీజన్ టికెట్ మీద తిరిగినవాణ్ణి. అక్కడ నెల పాస్ ఎందుకు కొనుక్కోదు? (ఒక తండ్రి, తెనాలి)

జవాబు: అయ్యా, మన రైల్వేలో నెల సీజన్ టికెట్ సెకండ్ క్లాసులో సుమారు 15 సింగిల్ ప్రయాణాల ఖరీదు. అంటే నెలలో ఎనిమిది రోజులు వెళ్లొస్తే చాలు, డబ్బు తీరిపోతుంది. వారానికి రెండు రోజులు పనికి వెళ్లే అమ్మ కూడా తెనాలిలో సీజన్ టికెట్ కొని నష్టపోదు. 2014 జూన్‌లో దాన్ని 30 ప్రయాణాల స్థాయికి పెంచబోయి, గొడవ కావడంతో కొద్ది రోజుల్లోనే వెనక్కి తగ్గారు. బ్రిటన్‌లో నెల టికెట్ వారానికి నాలుగైదు రోజులు వెళ్లేవాళ్లని దృష్టిలో పెట్టుకుని కట్టిన ధర. మీ అమ్మాయి ఎనిమిది రోజులకి అది కొంటే సగం డబ్బు ప్లాట్‌ఫారం మీద వదిలేసినట్టే. ఆమె చేస్తున్నది సరైనదే. రైల్‌కార్డ్ ఉందో లేదో మాత్రం ఈసారి ఫోన్‌లో అడగండి.

ప్రశ్న: రైలు ఆలస్యమై నర్సరీకి లేటుగా చేరితే పావుగంటకింత అని వసూలు చేస్తున్నారు. ఆ డబ్బు రైలు కంపెనీ ఇస్తుందా?

జవాబు: నర్సరీ జరిమానా కింద మామూలుగా ఇవ్వరు. టికెట్‌లో కొంత తిరిగిస్తారు, దాన్ని డిలే రీపే అంటారు. చాలా కంపెనీల్లో 15 నిమిషాలు దాటితే ఆ ప్రయాణం ఖరీదులో పావు వంతు, 30 దాటితే సగం, గంట దాటితే మొత్తం. ఫ్లెక్సీలో ఒక ప్రయాణం అంటే మొత్తం ధరలో పదహారో వంతు. 232 పౌండ్ల టికెట్‌కి అది 14.50, అరగంట ఆలస్యానికి 7.25 వస్తుంది. 28 రోజుల లోపు అడగాలి. లెక్కించేది మీరు దిగే స్టేషన్‌కి ఎంత ఆలస్యంగా చేరారన్నది. మారాల్సిన రైలు తప్పిపోయి ఆలస్యమైనా అడగవచ్చు. దిగగానే ప్లాట్‌ఫారం గడియారాన్ని ఫోన్‌తో ఒక ఫొటో తీసి పెట్టుకోండి.

ప్రశ్న: టికెట్‌ని రెండు ముక్కలుగా కొంటే చౌక అంటున్నారు. నేరం కాదు కదా?

జవాబు: కాదు, నిబంధనలు ఒప్పుకుంటాయి. మీరు విడగొట్టిన స్టేషన్‌లో ఆ రైలు ఆగాలి, అంతే. దిగి ఎక్కనక్కర్లేదు. పీక్ అంచున ప్రయాణించేవాళ్లకి ఇది బాగా పనికొస్తుంది: ఇంటి నుంచి మధ్య స్టేషన్ దాకా పీక్ టికెట్, అక్కడి నుంచి రైలు బయల్దేరే వేళకి ఆఫ్-పీక్ మొదలైపోతే మిగతా దూరానికి ఆఫ్-పీక్ టికెట్. ఆగని ఫాస్ట్ రైలెక్కితే మాత్రం రెండు టికెట్లున్నా చెల్లవు. ఇంగ్లండ్‌లో 2023 జనవరి నుంచి పెనాల్టీ ఫేర్ (చెల్లే టికెట్ లేనివాళ్లకి పడే జరిమానా) 100 పౌండ్లు, దాని మీద సింగిల్ టికెట్ ధర. 21 రోజుల్లో కడితే 100 కాస్తా 50 అవుతుంది. పొద్దున బడి దగ్గర ఆలస్యమై, అందిన రైలు ఎక్కేసే అలవాటుంటే ముక్కల టికెట్ ముందుగా కొనిపెట్టుకోకండి. స్టేషన్ బోర్డు మీద రైలు ఎక్కడెక్కడ ఆగుతుందో చదివాక, గేటు దాటేలోపు ఫోన్‌లో కొనండి.